బాగుంది కానీ ఏదో తగ్గింది అంటున్నారు. ఆ ఏదో ఏమిటి?

చిత్తుప్రతి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా కథలు రాస్తున్నాను. ఇప్పటికి పదకొండు పూర్తయ్యాయి. రెండు అచ్చయ్యాయి. మిగతావి కొన్ని తిరిగొచ్చాయి, కొన్నిటికి జవాబే లేదు. తిరిగొస్తే బాధగానే ఉంటుంది. కానీ చదివినవాళ్ళంతా ఒకే మాట అనడం నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతోంది. "బాగా రాశారు, కానీ ఏదో తగ్గింది." ఆ ఏదో ఏమిటో మాత్రం ఎవరూ చెప్పరు. మొహమాటపడుతున్నారో, వాళ్ళకీ తెలియడం లేదో అర్థం కాదు.

కథ ఎలా రాయాలో చెప్పే వ్యాసాలు దొరికినన్ని చదివాను. "చెప్పొద్దు, చూపించు" అన్నారు కదా అని ప్రతి పాత్రకీ చెమట పట్టించాను, పిడికిళ్ళు బిగింపజేశాను. కథ పొడుగైంది తప్ప బాగుపడలేదు.

ఇప్పుడు రాస్తున్నది ఒక అన్న తన తమ్ముణ్ణి హాస్టల్లో దింపి రావడం గురించి. ఇది నా జీవితంలో జరిగిందే. ఆ అన్నని నేనే. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, వాడికి పదకొండు. నాకు ఇంత దగ్గరి విషయం కూడా కాగితం మీద చప్పగా ఉంటే, ఇక నాకు రాయడం వస్తుందా అని భయం పట్టుకుంది. మొదటి పేరా ఇదీ:

"రాజు చాలా బాధ్యతగల కుర్రాడు. తండ్రి చనిపోయిన తర్వాత కుటుంబ భారమంతా అతని మీదే పడింది. తమ్ముడు చిన్నా అంటే అతనికి ప్రాణం. ఆ రోజు చిన్నాని హాస్టల్లో చేర్పించడానికి తీసుకెళ్తుంటే రాజు గుండె బరువెక్కింది. కళ్ళు చెమర్చాయి. 'జాగ్రత్తగా చదువుకోరా' అన్నాడు రాజు గద్గద స్వరంతో. చిన్నా మౌనంగా తలూపాడు. పేదరికం ఎంత క్రూరమైనది అనుకున్నాడు రాజు."

తర్వాత ప్రయాణం, హాస్టల్లో దింపడం, తిరుగు బస్సులో రాజు ఏడవడం. అంతే కథ. దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి. ఏం నేర్చుకోవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

అరమార్జిన్

పదకొండు కథలు పూర్తి చేశారంటే రాయడం రాదన్న భయం అక్కర్లేదు. మొదలుపెట్టి వదిలేసేవాళ్ళే ఎక్కువ.

నాకు పనికొచ్చిన ఒక సాధన చెబుతాను. అమెరికా నాయకుడు, రచయిత బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో రాయడం ఎలా నేర్చుకున్నాడో తన ఆత్మకథలో వివరంగా రాశాడు. 'స్పెక్టేటర్' అనే పత్రికలో తనకి నచ్చిన వ్యాసం తీసుకుని, ఒక్కో వాక్యంలోని భావాన్ని చిన్న గుర్తుగా రాసుకునేవాడు. కొన్ని రోజులు పక్కన పెట్టేవాడు. తర్వాత అసలు వ్యాసం చూడకుండా ఆ గుర్తుల మీంచి మొత్తం తిరిగి రాసి, అసలుదానితో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. ఒక్కోసారి ఆ గుర్తుల్ని కలగాపులగం చేసేసి, కొన్ని వారాల తర్వాత మళ్ళీ వరసలో పెట్టేవాడు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది నేర్చుకోవడానికి.

నేను ఇదే కథలతో చేశాను. మీకు బాగా ఇష్టమైన కథ ఒకటి తీసుకోండి. అందులోని సంఘటనల్ని ఒక్కొక్క ముక్కలో రాసుకుని, వారం తర్వాత మీ మాటల్లో ఆ కథ రాయండి. పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రచయిత రెండు పేజీలు ఆగిన చోట మీరు రెండు లైన్లలో దాటేసి ఉంటారు. ఆయన ఒక్క ముక్కలో దాటిన చోట మీరు పేజీ రాసి ఉంటారు. నాకు మొదటిసారి అలాగే జరిగింది. ఏ వ్యాసమూ చెప్పని సంగతి అప్పుడు తెలిసింది.

పాతపెన్ను

చిత్తుప్రతి గారూ, మీ పేరా నాలుగుసార్లు చదివాను. మీకు ఆ రోజు ఎంత బలంగా గుర్తుందో తెలుస్తూనే ఉంది. వాక్యాలు కూడా తప్పులేమీ లేకుండా ఉన్నాయి. తేడా వేరే చోట ఉంది. మీ పేరాలో ఎనిమిది వాక్యాలున్నాయి కదా, ఒక్కొక్కటీ ఎవరు చూస్తున్నారో, ఎవరు అంటున్నారో పెన్సిల్‌తో పక్కన రాయండి.

"బాధ్యతగల కుర్రాడు." ఇది ఎవరో దూరపు బంధువు ఇచ్చే సర్టిఫికెట్. తండ్రి పోయిన సంగతి ఊళ్ళో ఎవరైనా చెప్పగలిగేదే. "గుండె బరువెక్కింది" దగ్గర రాజు లోపలికి వెళ్ళాం. బాగుంది. కానీ వెంటనే "గద్గద స్వరంతో" అన్నారు. తన గొంతు గద్గదంగా ఉందని మాట్లాడేవాడికి వినిపించదు, ఎదుటివాడికి వినిపిస్తుంది. అంటే మనం చిన్నాలోకి దూకేశాం. తర్వాతి వాక్యంలో చిన్నాని బయటినుంచి చూస్తున్నాం. ఇక చివరి వాక్యంలో పేదరికం గురించి అన్నది రాజు కాదు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు తమ్ముడి పక్కన నడుస్తూ పేదరికం అన్న మాట అనుకోడు. అది మీరు, ఇప్పటి మీరు.

ఎనిమిది వాక్యాల్లో నాలుగైదు జతల కళ్ళు. పాఠకుడికి ఎక్కడ నిలబడి చూడాలో తెలియడం లేదు. మీ వాళ్ళు అంటున్న "ఏదో తగ్గింది" ఇదేనని నా నమ్మకం. నిజానికి తగ్గలేదు, చూసేవాళ్ళు ఎక్కువయ్యారు.

ఇంకో మాట. మన భాషలో ఈ పని సర్వనామం దగ్గరే మొదలవుతుంది. కథలు రాసేవాళ్ళు దీని గురించి ఎందుకు ఎక్కువ మాట్లాడుకోరో నాకు ఆశ్చర్యం. ఒక మగమనిషి గురించి రాయాలంటే వాడు, అతడు, అతను, ఆయన, తను అని ఇన్ని ఉన్నాయి. "ఆయన" అన్నారంటే చెప్పేవాడు ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడ్డట్టు. "వాడు" అంటే చనువో, చులకనో, ఏదో ఒకటి తప్పదు. "అతను" కొంచెం దూరం. "తను" అంటే లోపల.

ఇవి చూడండి:

"అతను బస్సెక్కాడు. తమ్ముడు అతని వైపు చూడలేదు."

"బస్సెక్కాడు. తమ్ముడు తన వైపు చూడలేదు."

సంగతి ఒకటే. మొదటిదాంట్లో మనం రోడ్డు మీద నిలబడి ఇద్దర్నీ చూస్తున్నాం. రెండోదాంట్లో కిటికీ పక్కన కూర్చుని, తమ్ముడు చూస్తాడేమోనని ఎదురుచూస్తున్నాం. గుండె బరువెక్కిందని చెప్పాల్సిన పని "తన" అన్న రెండక్షరాలు చేసేశాయి.

ఇలాంటిదే ఇంకొకటి, "ట". "చిన్నా ఏడ్చాడు" అంటే చెప్పేవాడు అక్కడున్నాడు. "చిన్నా ఏడ్చాడట" అంటే లేడు, ఎవరో చెప్పగా విన్నాడు. ఒక్క అక్షరంతో కథలోకి ఇంకో మనిషి వచ్చాడు, మధ్యలో దూరం వచ్చింది. కొన్ని భాషల్లో దీనికి ఒక వాక్యం ఖర్చుపెట్టాలి.

మొదలు గురించి కూడా. రాజు ఎలాంటివాడో ముందే చెప్పేస్తే ఇక పాఠకుడు కనుక్కోవడానికేం మిగిలింది? 1910లో అచ్చయిన గురజాడ 'దిద్దుబాటు' రాత్రిపూట ఒక మనిషి తన ఇంటి తలుపు తీయమని పిలవడంతో మొదలవుతుంది. అతను ఎలాంటివాడో ముందు చెప్పలేదు. తలుపు తెరుచుకోదు. ఎందుకు తెరుచుకోలేదో తెలుసుకోవాలని మనమూ అక్కడ నిలబడతాం. నూరేళ్ళు దాటినా ఆ మొదలు పాతబడలేదు.

మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఆ రోజు మీకు నిజంగా గుర్తున్నవి ఏమిటి? బాధ, ప్రేమ అని కాదు. వస్తువులు, మాటలు, చేతులు. కథలో పెట్టనివి కూడా రాయండి.

చిత్తుప్రతి

పాతపెన్ను గారూ, పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను. మీరు చెప్పింది నిజమే. పాత పదకొండు కథలూ తీసి చూశాను, అన్నిట్లోనూ ఇంతే. రాత్రంతా నిద్ర పట్టలేదు. కానీ నాలుగేళ్ళలో మొదటిసారి తప్పు ఎక్కడుందో కళ్ళకి కనిపించింది. దానికి చాలా కృతజ్ఞతలు.

గుర్తున్నవి రాస్తున్నాను. వాడికో రేకు పెట్టె ఉండేది. బట్టలు, పుస్తకాలు, దుప్పటి అన్నీ అందులోనే. దానికి తాళం. దారిలో నేను మోస్తానంటే ఇవ్వలేదు, "నాదే కదా" అన్నాడు. గేటు దగ్గర సంతకం పెట్టడానికి రిజిస్టర్ ఇచ్చారు. సంతకం పెట్టేటప్పుడు ఒక్క నిమిషం పట్టుకోరా అని వాడి చేతికి నా సంచీ ఇచ్చాను. వాడు తన చేతిలో ఉన్న తాళంచెవి నాకిచ్చి సంచీ అందుకున్నాడు.

ఇంకొకటి ఉంది. చిన్న విషయం అనిపించి కథలో పెట్టలేదు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే తాళంచెవి జేబులోనే ఉంది. బస్సులో ఆరు గంటల దూరం. అప్పటికి రాత్రయింది. తెల్లవారుజామున మొదటి బస్సుకి మళ్ళీ వెళ్ళాను. వార్డెన్ చెప్పాడు, తాళం పగలగొడతామంటే వాడు ఒప్పుకోలేదట. "మా అన్న వస్తాడు" అన్నాడట. వేసుకున్న బట్టలతోనే, దుప్పటి లేకుండా, పెట్టె పక్కనే పడుకున్నాడట.

నేను వెళ్ళేసరికి క్లాసులో ఉన్నాడు. తాళంచెవి ఇస్తే తీసుకుని మళ్ళీ క్లాసులోకి వెళ్ళిపోయాడు. ఏమీ అనలేదు.

పాతపెన్ను

ఇది చిన్న విషయమా అండీ!

నాకైతే కథ మొత్తం ఇదే. తిరుగు బస్సులో ఏడవడం తీసేయండి. ఇంటికొచ్చి చొక్కా విప్పేటప్పుడు తాళంచెవి చేతికి తగలాలి. అక్కడితో కథ అయిపోవాలి. మర్నాడు వెళ్ళడం కూడా వద్దు.

వినేచెవి

పాతపెన్ను గారి మాట నేను చాలావరకు ఒప్పుకుంటాను, ఆ చివరి జవాబు తప్ప.

మొదట ఒకటి గమనించండి చిత్తుప్రతి గారూ. మీ పేరా రాసినప్పుడు మీరు "గద్గద స్వరం" అన్నారు. ఇక్కడ మామూలుగా చెప్పినప్పుడు "ఒప్పుకోలేదట, అన్నాడట, పడుకున్నాడట" అన్నారు. ఆ రాత్రి మీరు వాడి పక్కన లేరన్న బాధ అంతా ఆ మూడు "ట"ల్లో ఉంది. మీరు కావాలని పెట్టలేదు, చెబుతుంటే వచ్చేశాయి. మీకు చెప్పడం వచ్చు. రాయడానికి కూర్చున్నప్పుడు ఇంకెవరిలాగో మారిపోతున్నారు. అందుకే రాసే ముందు ఆ ఘట్టాన్ని ఒక మనిషికి నోటితో చెప్పి, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ఆ మాటలు యథాతథంగా కథ కావు, కానీ వరస ఎలా ఉండాలో, ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. నా కథలన్నిటికీ మొదటి చిత్తు అదే.

ఇక తాళంచెవి. దాన్ని చివర పెడితే పాఠకుడు ఒక్కసారి ఉలిక్కిపడతాడు, అంతే. సినిమా దర్శకుడు హిచ్‌కాక్ దీన్ని బాంబు ఉదాహరణతో చెప్పేవాడు. బల్ల కింద బాంబు ఉందని మనకి తెలియకుండా పేలితే పదిహేను సెకన్ల ఆశ్చర్యం. ఉందని ముందే తెలిసి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి తెలియకపోతే పదిహేను నిమిషాల ఉత్కంఠ. వాళ్ళు మాట్లాడుకునే మామూలు మాటలన్నీ అప్పుడు బరువెక్కుతాయి. మీ కథలో తాళంచెవి జేబులో ఉందని పాఠకుడికి ముందే తెలిస్తే? గేటు దగ్గర చెయ్యి ఊపడం, బస్సెక్కడం, కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషపడటం, ఆ ఆరు గంటల్లో ప్రతి చిన్న పనీ చదవడానికి కష్టమైపోతుంది. మీరు కన్నీళ్ళు పెట్టించక్కర్లేదు.

మర్నాటి ఘట్టం కూడా ఉండి తీరాలి. వాడు తాళంచెవి తీసుకుని ఏమీ అనకుండా వెళ్ళిపోవడం చూడండి. కోపమా? నమ్మకమా? అన్న వస్తాడని తెలుసు కాబట్టి ఆశ్చర్యపోలేదా? నాకు తెలియదు, తెలియాలనీ లేదు. 1888లో రష్యన్ కథకుడు చెహోవ్ తన ప్రచురణకర్త సువోరిన్‌కి రాసిన ఉత్తరంలో, సమస్యని పరిష్కరించడం, దాన్ని సరిగ్గా ముందు పెట్టడం రెండూ వేరువేరనీ, రచయితకి రెండోదే తప్పనిసరి అనీ అన్నాడు. మీ తమ్ముడు క్లాసులోకి వెళ్ళిపోవడం అలా ముందు పెట్టడమే. దాని తర్వాత ఒక్క వాక్యం కూడా రాయకండి.

"చెప్పొద్దు, చూపించు" గురించి కూడా ఒక మాట. అది సగమే నిజం. తండ్రి పోయిన సంగతి చూపించక్కర్లేదు. "నాన్న పోయిన ఏడాది" అంటే చాలు. కాలాన్ని దాటించడానికి చెప్పడమే మంచి పద్ధతి. ఆగాల్సిన చోట మాత్రమే చూపించాలి. మీ కథలో అలాంటివి మూడే ఉన్నాయి: గేటు, చొక్కా విప్పడం, క్లాసు గది.

చిత్తుప్రతి

వినేచెవి గారూ, ఒక్క సందేహం. రాజు కళ్ళలోంచే చూడాలని పాతపెన్ను గారన్నారు. తాళంచెవి సంగతి రాజుకి అప్పుడు తెలియదు. మరి పాఠకుడికి ముందే ఎలా తెలుస్తుంది? రెండూ ఒకేసారి కుదరవు కదా?

పాతపెన్ను

మంచి ప్రశ్న. ముందుగా, వినేచెవి గారి మాటే సరైనది, నాది తొందరపాటు. ఆ మర్నాటి సంగతి లేకపోతే మీ తమ్ముడు కథలో ఉండడు, మీ పశ్చాత్తాపం ఒక్కటే ఉంటుంది.

మీ సందేహానికి జవాబు: రాజుని తీసేయండి. "నేను" అని రాయండి. చెబుతున్న "నేను" ఇప్పటివాడు, అన్నీ తెలిసినవాడు. నడుస్తున్న "నేను" పంతొమ్మిదేళ్ళవాడు, ఏమీ తెలియనివాడు. ఇద్దరూ ఒకే మనిషి కాబట్టి కళ్ళు మారినట్టు అనిపించదు. మొదటి లైన్లోనే తాళంచెవి సంగతి చెప్పేయొచ్చు. పైగా తమ్ముణ్ణి హాయిగా "వాడు" అనొచ్చు. "రాజు" అని రాసినప్పుడు మీకు ఆ చనువు రాలేదు, గమనించారా?

ఒక ప్రమాదం ఉంది. ఇప్పటి "నేను"కి అన్నీ తెలుసు కాబట్టి వ్యాఖ్యానం చేయాలనిపిస్తుంది. పేదరికం గురించిన వాక్యం మళ్ళీ తలుపు దగ్గర నిలబడుతుంది. లోపలికి రానివ్వకండి. తెలిసినవాడి దగ్గర్నుంచి మీకు కావల్సింది ఒక్క సమాచారమే, తాళంచెవి ఎక్కడుందన్నది.

అరమార్జిన్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇది మీ తమ్ముడి రాత్రి కూడా. అచ్చుకి పంపే ముందు వాడికి చూపించండి. నేను ఒకసారి అలా చూపించకుండా పంపాను. కథ బాగా వచ్చింది, మా ఇద్దరి మధ్య మాత్రం రెండేళ్ళు మాటల్లేవు. ఆ కథ ఇప్పటికీ తీసి చదవలేను.

ఇంకోటి, తిరగరాయడానికి భయపడకండి. ఒక నవల చివరి పేజీని 39 సార్లు రాశానని అమెరికన్ రచయిత హెమింగ్వే 1958లో అచ్చయిన ఇంటర్వ్యూలో చెప్పాడు. ఏం ఇబ్బంది వచ్చిందని అడిగితే, మాటలు సరిగ్గా కుదరాలి కదా అన్నాడు.

చిత్తుప్రతి

పది రోజులైంది. నోటితో చెప్పి రికార్డు చేసుకున్నాను. మొదటిసారి మధ్యలో ఆగిపోయాను, చెప్పలేకపోయాను. రెండోసారి పూర్తయింది. ఇప్పుడు మొదలు ఇలా ఉంది:

"పెట్టె తాళంచెవి నా చొక్కా జేబులో ఉండిపోయింది. ఆ సంగతి నాకు తెలిసేసరికి మా ఇద్దరి మధ్య ఆరు గంటల దూరం ఉంది. ఇప్పుడు చెప్పబోయేది దానికి ముందు జరిగింది.

వాడు పెట్టెని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని నడుస్తున్నాడు. నాలుగడుగులకోసారి మోకాలు తగిలి రేకు చప్పుడవుతోంది. 'ఇవ్వరా, నేను పట్టుకుంటా' అన్నాను. 'నాదే కదా' అన్నాడు. నాన్న పోయాక వాడు దేన్నైనా నాది అనడం అదే మొదటిసారి. గేటు కనిపించగానే ఆగి, పెట్టె కింద పెట్టి, జుట్టు సర్దుకున్నాడు."

వినేచెవి

జుట్టు సర్దుకోవడం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంతకుముందు మీరు చెప్పలేదు. చాలా బాగుంది. "ఇప్పుడు చెప్పబోయేది" అన్న వాక్యం తీసేసి చదవండి, అక్కర్లేదనిపిస్తోంది.

పాతపెన్ను

నాకూ అదే అనిపించింది. ఆ వాక్యం పోతే వాడి నడక నేరుగా తాళంచెవి పక్కకి వచ్చి ఆగుతుంది. "నాది అనడం అదే మొదటిసారి" మాత్రం ఉంచండి. అది వ్యాఖ్యానం కాదు, అన్న మాత్రమే గమనించగలిగిన సంగతి.

చిత్తుప్రతి

తీసేశాను. జుట్టు సంగతి రికార్డు చేసేటప్పుడే గుర్తొచ్చింది, అప్పటిదాకా మర్చిపోయాను.

నిన్న తమ్ముడికి ఫోన్‌లో చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, తాళం ఇత్తడిది అని రాశావు, అది ఇనపది, రాత్రంతా దాని మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను, చల్లగా ఉండేది అన్నాడు. నాకు మాత్రం ఇత్తడిదనే గుర్తు. రాసుకోమన్నాడు, అచ్చైతే పంపమన్నాడు.

ఇత్తడి అని ఉంచాలా, ఇనుము అని మార్చాలా?

పాతపెన్ను

గేటు దగ్గర తాళం మీరు చూస్తున్నారు, అక్కడ ఇత్తడిదే. ఆ రాత్రి సంగతి వాడు చెప్పగా విన్నారు, అక్కడ "ఇనప తాళమట" అని రాసి చూడండి.

చిత్తుప్రతి

రాసి చూస్తాను. ఆదివారం పూర్తి చిత్తు ఇక్కడ పెడతాను.